నవ్వించే శత్రువుకు కొత్త ముఖం

రాత్రంతా సాగే తోలుబొమ్మలాటలో రావణుని కొలువు ముగిసి యుద్ధం మొదలయ్యే లోపల తెరమీదికి జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చి పోట్లాడుకోవడం ఆంధ్రదేశంలో ఒక తరంవారికి బాగా ఎరుకైన ముచ్చట. రాముడు పద్యం పాడతాడు. రావణుడు దీర్ఘసమాసాలతో గర్జిస్తాడు. పోలిగాడు, బంగారక్క, వారి వెనకే దూరే కేతిగాడు మాత్రం చాపమీద కూర్చున్న ప్రేక్షకుడి భాషలోనే మాట్లాడతారు. కునికిపాట్లు పడుతున్న పిల్లవాడు లేచి కూర్చునేది అప్పుడే. గంభీరమైన కథకు హాస్యపాత్ర కేవలం అలంకారం కాదనీ, తరువాత రాబోయే భయానకానికి, శోకానికి మనసును సిద్ధం చేసేది అదేననీ ఆ కళాకారులు శాస్త్రాలు చదవకుండానే గ్రహించారు.

మరి ఆ హాస్యపాత్రకే కోరలు మొలిపించి, దాని మాటను లాగివేసి, “ఇకమీదట నువ్వు కూడా భయపెట్టాలి” అని శాసిస్తే ఏమవుతుంది? ఈ ప్రయోగాన్ని మన కాలంలో వీడియో ఆటల పరిశ్రమ చేసి చూసింది. ఒక ఆట జనాదరణ పొందుతుంది. దానికి రెండవ భాగం, మూడవ భాగం వస్తాయి. ప్రతి భాగమూ గతంకన్నా గంభీరంగా, చీకటిగా ఉండాలన్న కోరిక నిర్మాతలకు పుడుతుంది. అప్పుడు మొదటి భాగంలో అందరినీ నవ్వించిన చిల్లర శత్రువులను ఏం చేయాలన్న చిక్కు వస్తుంది. ఈ చిక్కులో జంతుప్రవర్తన శాస్త్రం, ధ్వనిశాస్త్రం, కృత్రిమ మేధ మూడూ కలిసి ఉన్నాయి. ‘హేలో’ అనే ఆటలోని గ్రంట్ల కథ దీనికి చక్కని ఉదాహరణ. ప్రవాసంలో పెరిగిన తెలుగు పిల్లల్లో చాలామందికి ఈ పేరు పరిచయమే. వారి తల్లిదండ్రులకు పక్కగదిలోంచి వినిపించే కీచుగొంతుగానైనా పరిచయమై ఉంటుంది.

మైక్రోసాఫ్ట్ సంస్థ 2001 నవంబరు 15న ఎక్స్‌బాక్స్ యంత్రాన్ని అమెరికాలో విడుదల చేసింది. దానితోపాటే అంగళ్ళలోకి వచ్చిన ఆట ‘హేలో: కంబాట్ ఇవాల్వ్‌డ్’. నిర్మించినది బంజీ సంస్థ. కథాకాలం ఇరవయ్యారవ శతాబ్దం. మానవజాతిని నిర్మూలించడానికి కంకణం కట్టుకున్న గ్రహాంతర జాతుల కూటమి పేరు కొవెనెంట్. దానిని ఎదిరించే ఆకుపచ్చ కవచధారి మాస్టర్ చీఫ్. ఆడేవారు ఆ యోధుడి కళ్ళతోనే ప్రపంచాన్ని చూస్తారు. ఆ శత్రుకూటమిలో ఒక వర్ణవ్యవస్థ ఉంది. పైమెట్టున ఆజానుబాహులైన ఎలైట్లు, నడుమ డాలు పట్టిన జాకల్‌లు, ఇంకా ఇతరులు, అట్టడుగున గ్రంట్లు. ఇంగ్లీషులో గ్రంట్ అంటే పంది చేసే ధ్వని. అమెరికన్ సైనికుల వాడుకలో కాల్బలంలోని సామాన్య సిపాయి కూడా. ఆ రెండర్థాలూ ఈ జీవికి సరిపోయాయి.

గ్రంటు పొట్టివాడు. కాళ్ళు కురుచ, ముంజేతులు లావు. అతని జాతి పీల్చేది ప్రాణవాయువు కాదు, మీథేను. కాబట్టి వీపుమీద త్రిభుజాకారపు వాయుపాత్ర, మూతికి తొడుగు ఎప్పుడూ ఉండవలసిందే. కాపలా కాయమంటే నిద్రపోతాడు. గుంపుగా పడుకుని గురకపెట్టే గ్రంట్లను దాటి పిల్లిలా నడిచిపోవడం ఆ ఆటలోని సరదాలలో ఒకటి. పక్కన ఎలైటు నాయకుడు ఉన్నంతసేపు తుపాకీ పేలుస్తాడు. నాయకుడు కూలగానే చేతులు రెండూ పైకెత్తి, కెవ్వున అరుస్తూ, దిక్కు తెలియకుండా పరుగెడతాడు. ఆ అరుపు ఇంగ్లీషులోనే! కీచుగొంతుతో గ్రంట్లకు మాట ఇచ్చినవాడు జోసెఫ్ స్టేటన్. ఆ ఆట రచయితలలో ఆయన ఒకరు. ఆఖరి అంకంలో నౌక పేలిపోబోతూ ఉండగా, ప్రాణాలు దక్కించుకుని దూసుకుపోవలసిన దారికి ఒక మూల, ఒంటరిగా నిలబడి తన దాహం గురించి తానే చెప్పుకునే గ్రంటును కూడా దాచి పెట్టారు. లోకం కూలిపోతున్నా తన కడుపు సంగతి మరవని వాడు: కేతిగాడి గోత్రమే.

ఇంత నవ్వు వెనుక ఉన్న యంత్రాంగం విచిత్రంగా సరళమైనది. బంజీకి చెందిన జేమీ గ్రీసెమర్, క్రిస్ బుచర్ 2002లో ఆటల రూపకర్తల వార్షిక సదస్సులో చేసిన ప్రసంగానికి తెలివితేటల భ్రమ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. వారు ప్రయోగపూర్వకంగా గమనించిన సంగతి ఒకటి ఇప్పటికీ ఆ రంగంలో తరచు చెప్పుకుంటారు. ఒకే కృత్రిమ మేధ గల శత్రువులను రెండు తీర్లుగా ఆడించి చూశారు. ఒక తీరులో శత్రువు త్వరగా చస్తాడు. రెండవ తీరులో ఎక్కువ దెబ్బలకు ఓర్చుకుంటాడు. బుద్ధిలో ఇసుమంత తేడా లేకపోయినా, రెండవ తీరు శత్రువులను ఆడినవారు ఎక్కువ తెలివిగలవారన్నారు. కారణం స్పష్టమే: తన తెలివిని ప్రదర్శించేటంతసేపు బతికి ఉండాలి కదా! ఎదుటివాడికి కనిపించని ఆలోచన ఆటలో లేనట్టే లెక్క.

ఆ తరువాత 2005లో అదే సంస్థకు చెందిన డామియన్ ఇస్లా ‘హేలో 2’ శత్రువుల మనసు ఎలా కట్టబడిందో వివరించాడు. దానిని ఒక చెట్టుగా ఊహించుకోవచ్చు. కాండం నుంచి ‘పోరాడు’, ‘వెతుకు’, ‘దాగు’, ‘పారిపో’ వంటి కొమ్మలు; వాటికి ఒక ప్రాధాన్యక్రమం. క్షణక్షణమూ యంత్రం పై కొమ్మ నుంచి చూసుకుంటూ వచ్చి, ఆ పరిస్థితికి తగినదానిని పట్టుకుంటుంది. ఇది నిత్యవ్యవహారం. కొన్ని ప్రత్యేక సంఘటనలు జరిగినప్పుడు మాత్రం మామూలు క్రమంలో లేని ఒక కొమ్మ తాత్కాలికంగా మొలుచుకొస్తుంది. ‘నాయకుడు మరణించాడు’ అన్న వార్త అటువంటిది. అది చెవినపడగానే గ్రంటు మనసులో పలాయనం అన్నిటికన్నా పైకి వస్తుంది. ఇటువంటి పద్ధతికి ప్రవర్తనా వృక్షమని పేరు. తరువాతి కాలంలో ఎన్నో ఆటలు దీనిని స్వీకరించాయి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. గ్రంటు అరుపు హాస్యమే కాదు, సమాచారం కూడా. బండరాయి అవతల ఏం జరిగిందో ఆడేవాడికి కనబడదు. కాని “నాయకుడు పోయాడు, పరుగెత్తండి” అన్న భావం గల కీచుమాట వినబడితే, తాను విసిరిన బాంబు ఎవరిని పడగొట్టిందో తెలిసిపోతుంది. యంత్రం లోపలి స్థితిని బయటికి చదివి వినిపించే వార్తాహరుడు గ్రంటు. అతని మాటలు నవ్వు పుట్టించేవి కాబట్టి వినేవాడు శ్రద్ధగా విన్నాడు. శ్రద్ధగా విన్నాడు కాబట్టి శత్రువులు తెలివైనవారన్న భ్రమ బలపడింది. నవ్వును అదనపు సరుకుగా లెక్కగట్టేవారు ఈ లంకెను సాధారణంగా చూడరు.

ఇక రూపం సంగతి. ఆస్ట్రియా దేశపు జంతుప్రవర్తన శాస్త్రజ్ఞుడు కోన్రాడ్ లోరెంజ్ 1943లో ఒక ప్రతిపాదన చేశాడు. దేహానికి మించిన తల, ఎత్తైన నుదురు, పెద్ద కళ్ళు, ఉబ్బిన బుగ్గలు, కురచైన కాళ్ళుచేతులు, తడబడే నడక: ఈ లక్షణాలు పసిపిల్లలలో ఉంటాయి. ఇవి ఎక్కడ కనబడినా, అది కుక్కపిల్ల అయినా బొమ్మ అయినా, మనిషిలో వాత్సల్యం మేల్కొంటుంది. ఈ సూత్రాన్ని పట్టుకుని అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ జే గూల్డ్ 1979లో మికీ మౌస్ బొమ్మలను కొలబద్ద పెట్టి కొలిచాడు. 1928 నాటి మికీ అల్లరి ఎలుక, కొంచెం క్రూరుడు కూడా. ఆ తరువాతి దశాబ్దాలలో అతని స్వభావం మెత్తబడిన కొద్దీ కళ్ళు తల పొడవులో 27 శాతం నుంచి 42 శాతానికి, తల దేహంలో 42.7 శాతం నుంచి 48.1 శాతానికి పెరిగాయి. వయసు పెరిగిన కొద్దీ మికీ పసివాడయ్యాడన్నమాట. చిత్రకారులు ఈ సూత్రాన్ని తెలిసి పాటించారా, చేయి పోయిన దారినే పోయారా అన్నది వేరే ప్రశ్న.

తొలినాటి గ్రంటుకు పెద్ద కళ్ళు లేవు. కాని పొట్టికాళ్ళు, తప్పటడుగుల నడక, వీపున బరువు మోస్తూ బడికి పోయే పిల్లవాడి వాలకం ఉన్నాయి. అన్నిటికీ మించి మూతికి తొడుగు ఉంది. ఆ తొడుగు పళ్ళను దాచింది. పళ్ళు కనబడని శత్రువును భయపడడం కష్టం.

ధ్వనికీ ఇటువంటి సూత్రమే ఉంది. యూజీన్ మోర్టన్ అనే శాస్త్రజ్ఞుడు 1977లో అనేక పక్షుల, క్షీరదాల కూతలను పోల్చి చూసి, కోపంలో ఉన్న జంతువు మంద్రంగా, గరుకుగా ధ్వనిస్తుందనీ, భయపడిన లేక లొంగిపోయిన జంతువు సన్నగా, తారస్థాయిలో కూస్తుందనీ తేల్చాడు. పెద్ద దేహం లోతైన ధ్వనిని పుట్టిస్తుంది కనుక గుర్రుమనడం అంటే “నేను పెద్దవాడిని” అని చాటడం. కుయ్యిమనడం అంటే “నేను చిన్నవాడిని, నన్ను వదిలెయ్యి” అని మొరపెట్టుకోవడం. భాషాశాస్త్రజ్ఞుడు జాన్ ఒహాలా ఈ ఆలోచనను మానవుల స్వరానికి కూడా విస్తరించాడు. రావణుడు కీచుగొంతుతో పద్యం పాడితే ఏమవుతుందో ఊహించుకుంటే ఈ సూత్రానికి వేరే నిరూపణ అక్కరలేదు.

రూపం, ధ్వని, ప్రవర్తన మూడూ ఏకకంఠంతో “వీడు చిన్నవాడు, భయపడ్డాడు” అని చెప్పినందువల్లనే గ్రంటు అంతగా నవ్వించగలిగాడు. 2007లో వచ్చిన ‘హేలో 3’లో ఈ హాస్యం పరాకాష్ఠకు చేరింది. ఆటలో దాగి ఉన్న ఒక పుర్రెను కనిపెట్టి అమర్చుకుంటే, గ్రంటు తలకు గురి తగిలినప్పుడల్లా పుట్టినరోజు వేడుకలోలాగా రంగుకాగితాలు ఎగిరిపడి పిల్లల కేరింత వినబడుతుంది. ఇంతకన్నా ఆ దారిలో ముందుకు పోవడానికి చోటు లేదు.

బంజీ సంస్థ ఈ ఆటల వరుసలో చివరిగా నిర్మించిన ‘హేలో: రీచ్’ 2010లో వచ్చింది. అది కాలక్రమంలో మొదటి ఆటకు ముందు కథ, పరాజయగాథ. రీచ్ అనే గ్రహం శత్రువుల చేత చిక్కుతుంది, కథానాయకుడు చనిపోతాడు. ఈ విషాదానికి తగినట్టు శత్రువులను మళ్ళీ పరాయివారుగా, భీకరులుగా చూపాలని సంకల్పించి, వారి చేత చాలావరకు వారి సొంత భాషలోనే పలికించారు. ఆ వెనుక ఆటల బాధ్యతను 343 ఇండస్ట్రీస్ చేపట్టింది. 2012 నవంబరు 6న విడుదలైన ‘హేలో 4’లో గ్రంట్లకు పూర్తిగా కొత్త వేషం వేసింది. చర్మం గరుకుబారింది, వంపు తిరిగిన దేహంలో మృగలక్షణం హెచ్చింది, మూతి బయటపడి సన్నని పదునైన పళ్ళు కనిపించాయి. ఇంగ్లీషు మాట ఒక్కటీ లేదు. దాహం గురించీ, నాయకుడి గురించీ చెప్పుకున్న గొంతులో ఇప్పుడు అర్థంకాని కిచకిచ మాత్రమే మిగిలింది.

ఇందులో యంత్రసామగ్రి పాత్ర కూడా కొంత ఉంది. 2001 నాటి యంత్రం గ్రంటు చర్మాన్ని నున్నటి బొమ్మలాగే చూపగలిగింది. 2012 నాటికి చర్మపు ముడతలు, తడి, నీడలు చూపే సామర్థ్యం వచ్చింది. వివరం పెరిగిన కొద్దీ బొమ్మతనం తగ్గడం సహజం. అయినా వివరం పెరిగినంత మాత్రాన కోరలు మొలవవు, అది నిర్ణయం.

చిత్రమేమిటంటే ముఖం మారింది గాని మనసు మారలేదు. కొత్త గ్రంట్లు కూడా నాయకుడు పోగానే బెదిరి పరుగెడతారు. రెండు చేతులా బాంబులు పట్టుకుని మీదికి దూకే పాత అలవాటూ అలాగే ఉంది. కాబట్టి లోరెంజ్ సూత్రం ప్రకారం రూపం “జాగ్రత్త” అంటుంది. మోర్టన్ సూత్రం ప్రకారం సన్నని గొంతు “నాకు భయం” అంటుంది. ప్రవర్తన గొంతు పక్షమే పలుకుతుంది. మూడు సంకేతాలు మూడు దారులు పట్టినప్పుడు చూసేవాడిలో భయమూ పుట్టదు, నవ్వూ పుట్టదు. పరుగెడుతున్న బొద్దింకను చూసినప్పటి జుగుప్స పుడుతుంది. నిర్మాతలు కోరినది భయానక రసం. చేతికి వచ్చినది బీభత్సం. మన అలంకారికులు ఈ రెంటినీ వేరువేరు రసాలుగా లెక్కించడం ఊరికే కాదు.

పోయినది నవ్వు ఒక్కటే అయితే ఇంత చర్చ అవసరం లేదు. మాట ఉన్నన్నాళ్ళూ గ్రంటు, శత్రువే అయినా, ఒక వ్యక్తి. తాను ఎందుకు యుద్ధం చేస్తున్నాడో తెలియని సిపాయి, పెద్దవాళ్ళు ముందుకు నెడితే వచ్చినవాడు, నాయకుడు పోతే ఇంటికి పోదామనుకునేవాడు. అతన్ని చంపుతూ నవ్వినవాడికి ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకునేది. మాట పోయాక అతను చీడపురుగు. చంపడానికి సంకోచం అక్కరలేదు. చీకటిగా తీర్చాలనుకున్న కథలో నిజానికి చీకటైన అంశమే ఈ విధంగా చేజారిపోయింది. అర్థంకాని భాష మాట్లాడేవాడు అర్థమయ్యే భాష మాట్లాడేవాడికన్నా తక్కువ మనిషిగా కనబడతాడన్న సంగతి, పరభాషల నడుమ కాపురం చేసే కుటుంబాలకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

వేరే దారి లేదా అంటే, ఉంది. అది అప్పటికే తొక్కిన దారి కూడా. గ్రంట్లకు గొంతు ఇచ్చిన జోసెఫ్ స్టేటనే 2007లో ‘కాంటాక్ట్ హార్వెస్ట్’ అనే నవల రాశాడు. మానవులకూ కొవెనెంట్‌కూ తొలి సమాగమం ఎలా యుద్ధంగా పరిణమించిందో చెప్పే కథ. అందులోని ముఖ్యపాత్రలలో ఒకడు దాదబ్ అనే గ్రంటు. చిన్నపాటి మతాధికారి, పిరికివాడే. గాలిలో తేలియాడే మరొక జాతి జీవితో చేతిసంజ్ఞల భాషలో స్నేహం చేస్తాడు. అతని పొట్టితనం, మీథేను తొడుగు, బెదురు ఏవీ మారవు. కాని ఆ బెదురు ఎక్కడినుంచి వచ్చిందో, తన జాతికి ఆ కూటమిలో ఉన్న స్థానం ఎంత హీనమైనదో తెలిసే సరికి పాఠకుడి పెదవిమీది నవ్వు మెల్లగా గడ్డకడుతుంది. ఆ కథ సుఖాంతం కాదు. హాస్యపాత్రను చీకటిలోకి తీసుకుపోవాలంటే ముఖాన్ని ముట్టుకోనక్కరలేదని ఈ నవల ‘హేలో 4’కు అయిదేళ్ళ ముందే నిరూపించింది.

జపాను దేశపు నింటెండో సంస్థ ‘జెల్డా’ ఆటలలో మరొక పద్ధతి అనుసరించింది. 2002లో వచ్చిన ‘విండ్ వేకర్’లో బొకోబ్లిన్లు కార్టూను బొమ్మల్లాంటి వెకిలి రాక్షసులు. 2006 నాటి ‘ట్వైలైట్ ప్రిన్సెస్’ గంభీరమైన ఆట. అందులో అదే పేరుగల జీవులు వికారులై కనబడతారు. ఇక్కడ పెద్దగా తేడా కొట్టకపోవడానికి కారణం, వారితోపాటు ఆకాశమూ, నేలా, కథానాయకుడి ముఖమూ అన్నీ ఒకేసారి మారాయి. ఊరంతా నల్లబట్టలు కట్టినప్పుడు ఒక్కడి బట్టలు ఎవరూ ప్రత్యేకంగా చూడరు. అయినా 2017లో ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ వచ్చేసరికి బొకోబ్లిన్లు మళ్ళీ మంట చుట్టూ చిందులేస్తూ, కాపలా మాని నిద్రపోతూ కనిపించారు.

గ్రంట్ల విషయంలోనూ అదే జరిగింది. 2015 అక్టోబరులో వచ్చిన ‘హేలో 5: గార్డియన్స్’ వారికి ఇంగ్లీషును, వాచాలత్వాన్ని తిరిగి ఇచ్చింది. పిల్లలున్న ఇళ్ళవారికి ఉపయోగపడే సంగతి ఒకటి చెప్పాలి. అమెరికాలో ఆటలకు వయసు నిర్ణయించే మండలి మొదటి ఆట నుంచి ‘హేలో 4’ వరకూ వచ్చిన పోరాట ఆటలను పదిహేడేళ్ళు నిండినవారికి తగినవిగా వర్గీకరించింది. గ్రంట్లు మాటాడడం మళ్ళీ మొదలుపెట్టిన అయిదవదానిని పదమూడేళ్ళు నిండినవారికి తగినదిగా నిర్ణయించింది. ఆ నిర్ణయానికి హేతువు రక్తపాతం మోతాదే గాని గ్రంట్ల ముచ్చట్లు కావు. అయితే రెండు మార్పులూ ఒక్కసారే వచ్చాయి.

2021 డిసెంబరులో విడుదలైన ‘హేలో ఇన్ఫినిట్’లో గ్రంటు రూపం కూడా పాత పోలికలకు దగ్గరపడింది. ఆ ఆటలోని విశాలమైన మైదానాలలో అక్కడక్కడ శత్రువుల ప్రచారస్తంభాలు నిలబడి ఉంటాయి. వాటిలోంచి ఒక గ్రంటు కీచుగొంతు మాస్టర్ చీఫ్‌ను తిడుతూ, తన యజమానులను పొగుడుతూ, మధ్యమధ్య తన గోడు తాను వెళ్ళబోసుకుంటూ ఉంటుంది. స్తంభాన్ని పేల్చివేస్తే ఆ గొంతు ఆగిపోతుంది. పేల్చే ముందు ఎంతసేపు నిలబడి విన్నా ఆట అభ్యంతరం చెప్పదు.